పిల్లల్ని చూసుకునేవాళ్ళ జీతం ఎవరైనా అడిగారా?

అమెరికాలో మన తెలుగువాళ్ళం ఏది కొన్నా దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వకుండా కొనం. మినీవ్యాను కొనాలంటే మూడు నెలలు రివ్యూలు చదువుతాం. ఇల్లు కొనాలంటే స్కూలు రేటింగు, వాస్తు, వరద మ్యాపు, పక్కింటివాళ్ళ కుక్క, అన్నీ చూస్తాం. అలాంటిది, ఏడేళ్ళ పిల్లాణ్ణి రోజుకి తొమ్మిది గంటలు ఎవరి చేతిలో పెట్టి ఆఫీసుకి పోతున్నామో, ఆ మనిషిని ఎలా ఎంచుకున్నారో, వాళ్ళకి ఎంత ఇస్తున్నారో మాత్రం ఒక్కళ్ళం కూడా అడగం. సమ్మర్ క్యాంపుల సంగతి చెప్తున్నాను.

హైదరాబాదులో ఉన్న మిత్రుల కోసం కొంచెం వివరం. మా న్యూజెర్సీలో బళ్ళు జూన్ మూడో వారం దాకా ఉంటాయి, మళ్ళీ సెప్టెంబరులో లేబర్ డే అయ్యాక తెరుస్తారు. మధ్యలో సుమారు పది వారాలు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఈ పది వారాలూ పెద్ద గండం. మొదటి రెండు మూడేళ్ళూ అమ్మమ్మో నానమ్మో విజిటర్ వీసా మీద వచ్చి గట్టెక్కిస్తారు. తర్వాత వాళ్ళకి మోకాళ్ళ నొప్పులు, మనకి క్యాంపులు. పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకునేవి డే క్యాంపులు. అడవిలోనో చెరువుగట్టునో కేబిన్లలో వారాల తరబడి ఉంచేవి ఓవర్‌నైట్ క్యాంపులు. ఇక్కడివాళ్ళకి ఇది పాత అలవాటు. 1861లో కనెటికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే హెడ్మాస్టరు తన బడి పిల్లల్ని నడిపించుకుంటూ తీసుకెళ్ళి గుడారాల్లో ఉంచడంతో మొదలైందని చెప్తారు.

ఫిబ్రవరి వచ్చేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో క్యాంపుల చర్చ మొదలవుతుంది. ఫీజు ఎంత, లంచ్‌లో వెజిటేరియన్ ఉంటుందా, ఈత నేర్పుతారా, పైథాను నేర్పుతారా స్క్రాచ్‌తో ఆపేస్తారా, సాయంత్రం ఆరు దాటితే నిమిషానికి ఎంత గుంజుతారు.. ఇవే ప్రశ్నలు. అందరికన్నా చాదస్తపు ప్రశ్నలు వేసేవాళ్ళు కూడా పది మంది పిల్లలకి ఒక పెద్దమనిషి ఉంటాడా లేడా అని అడిగి ఆపేస్తారు. ఆ 'పెద్దమనిషి' వయసు పదిహేడో పద్ధెనిమిదో అని తెలిస్తే ఒక్క నిమిషం ఉలిక్కిపడతారు, అంతే.

నిజానికి క్యాంపుని నడిపేది ఆ పదిహేడు నుంచి ఇరవై రెండేళ్ళ పిల్లలే. కౌన్సెలర్ అంటారు. డైరెక్టరు, నర్సు, వంటవాళ్ళు, ఈత కొలను దగ్గర లైఫ్‌గార్డులు ఎలాగూ ఉంటారు. కానీ మీ అమ్మాయి షూ లేసు కట్టేదీ, పీనట్ ఎలర్జీ ఉన్న పిల్లాడి చేతిలోంచి పక్కవాడి కుకీ లాక్కునేదీ, రాత్రి ఇంటి మీద బెంగపెట్టుకుని ఏడిస్తే పక్కన కూర్చునేదీ కౌన్సెలరే. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ అని 1910 నుంచి ఉన్న సంస్థ ఒకటుంది. వాళ్ళ ప్రమాణాల ప్రకారం ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి డే క్యాంపులో ఎనిమిది మందికి ఒకరు, ఓవర్‌నైట్‌లో ఆరుగురికి ఒకరు ఉండాలి. తొమ్మిది నుంచి పధ్నాలుగేళ్ళ వాళ్ళకి అవే పదికి ఒకరు, ఎనిమిదికి ఒకరు. బ్రోషర్లో ఈ అంకెలు పెద్దక్షరాల్లో వేస్తారు. ఆ 'ఒకరు' ఎవరన్నది మాత్రం ఎక్కడా వెయ్యరు.

వాళ్ళని ఎలా తీసుకుంటారో చూడండి. జనవరిలో ముందుగా కిందటేడు పనిచేసినవాళ్ళకి మెయిళ్ళు వెళ్తాయి, మళ్ళీ వస్తారా అని. క్యాంపు బాగోగులు అక్కడే సగం తేలిపోతాయి. పాతవాళ్ళు ఎక్కువమంది తిరిగొచ్చే క్యాంపుకి కొత్తగా వెతుక్కోవాల్సింది కొద్దిమందినే. లేకపోతే మార్చి, ఏప్రిల్ దాకా కాలేజీల జాబ్ ఫెయిర్ల చుట్టూ తిరుగుతూనే ఉంటారు. ఇరవై నిమిషాల వీడియో ఇంటర్వ్యూ, రెండో మూడో రిఫరెన్సులు, నేర చరిత్ర ఉందేమో చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఆపైన క్యాంపు మొదలవడానికి ముందు వారం రోజుల శిక్షణ. మే నెలాఖరుకి కూడా మనుషులు దొరక్కపోతే ఇంటర్వ్యూ ఎంత తేలికైపోతుందో మనకి వేరే చెప్పాలా? క్లయింటు సోమవారం నుంచి ఐదుగురు కావాలంటే మన కంపెనీలు ఎవర్ని పంపించాయో మనకి తెలియంది కాదు :)

ఇక జీతం. నా సహోద్యోగి కూతురు కాలేజీ మొదటి ఏడాది అయ్యాక ఒక ఓవర్‌నైట్ క్యాంపులో పనిచేసింది. ఒక వారం శిక్షణ, ఎనిమిది వారాల క్యాంపు, మొత్తం తొమ్మిది వారాలకి 2,700 డాలర్లు. తిండి, పడక ఉచితం. అంటే వారానికి 300. వారానికి ఒక రోజు సెలవు. మిగతా ఆరు రోజులూ పొద్దున ఏడింటికి పిల్లల్ని లేపడం నుంచి రాత్రి తొమ్మిదిన్నరకి దీపాలార్పడం దాకా, మధ్యలో తనకంటూ మిగిలిన కాసేపు తీసేస్తే, రోజుకి పధ్నాలుగు గంటలు వేసుకోండి. 84 గంటలు. గంటకి 3 డాలర్ల 57 సెంట్లు! రాత్రిపూట కేబిన్లో పిల్లల మధ్యే పడుకోవడం ఇందులో కలపలేదు. ఫెడరల్ కనీస వేతనం 7 డాలర్ల 25 సెంట్లు. అది 2009 జూలై నుంచి కదలకుండా కూర్చుంది, అది వేరే ఏడుపు. ఈ అమ్మాయికి వచ్చింది అందులో సగం కూడా లేదు.

'ఇది చట్టవిరుద్ధం కదా' అని మావాడు గొడవకి సిద్ధమయ్యాడు. కాదు. పూర్తిగా చట్టబద్ధం. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్టులో 13(ఎ)(3) అని ఒక క్లాజు ఉంది. సీజన్లో మాత్రమే నడిచే వినోద స్థలాలకి కనీస వేతనం, ఓవర్‌టైము రెండింటి నుంచీ మినహాయింపు ఇస్తుందది. 1977 సవరణల్లో ఆ క్లాజులోకి క్యాంపుల్ని పేరుపెట్టి మరీ చేర్చారు. షరతు మన భాషలో చెప్పాలంటే ఒక చిన్న ఇఫ్ స్టేట్‌మెంటు. ఏడాదిలో ఏడు నెలలకి మించి నడవకూడదు, లేదా కిందటి ఏడాదిలో ఏవైనా ఆరు నెలల సగటు రాబడి మిగతా ఆరు నెలల సగటులో మూడో వంతు దాటకూడదు. రెండింట్లో ఏ ఒక్కటి నిజమైనా చాలు, కౌన్సెలర్‌కి ఫెడరల్ లెక్కన కనీస వేతనం ఇవ్వక్కర్లేదు.

రాష్ట్రాల చట్టాలు దాని మీద ఇంకో పొర. మా న్యూజెర్సీలో మత సంస్థలూ, లాభాపేక్ష లేని సంస్థలూ నడిపే సమ్మర్ క్యాంపులకి జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాష్ట్ర కనీస వేతనం కూడా వర్తించదు. కాలిఫోర్నియా కొంత నయం. అక్కడ కౌన్సెలర్‌కి కనీస వేతనంలో 85 శాతం లెక్కన కట్టిన వారం జీతం ఇవ్వాలి. 2025లో అక్కడి కనీస వేతనం 16.50. వారంలో ఎన్ని గంటలు చేయించుకున్నా అదే, పైగా తిండికీ పడకకీ కొంత విరుచుకోవచ్చు. అయినా మావాడి కూతురికి వచ్చినదానికన్నా బాగా ఎక్కువే. మరి అంత ఇచ్చి కూడా కాలిఫోర్నియాలో క్యాంపులు నడుస్తూనే ఉన్నాయిగా!

ఇక్కడ క్యాంపులవాళ్ళ వాదన కూడా చెప్పాలి. అందులో నిజం లేకపోలేదు. ఏడాదంతా భూమికి పన్ను కట్టాలి, ఇన్సూరెన్సు కట్టాలి, పడవలూ కేబిన్లూ రిపేరు చేయించాలి. డబ్బు వచ్చేది మాత్రం ఎనిమిది తొమ్మిది వారాలే. తిండీ పడకా మేమే ఇస్తున్నాం, అక్కడ ఖర్చేముంటుంది, చేతికొచ్చినదంతా మిగులే అంటారు. పైగా ఇది ఉద్యోగం కాదు, ఒక అనుభవం, నాయకత్వ లక్షణాలు వస్తాయి, జీవితాంతం నిలిచే స్నేహాలు దొరుకుతాయి అంటారు. స్నేహాల మాట నిజమే. ఆ అమ్మాయి ఇప్పటికీ ఆ వేసవి గురించి మురిసిపోతూ చెప్తుంది.

కానీ ఈ 'తిండీ పడకా పెట్టాం కదా' అన్న మాట ఎక్కడో విన్నట్టు లేదూ? 2000 తర్వాత డాట్‌కామ్ బుడగ పేలిన రోజుల్లో మన కన్సల్టెన్సీల గెస్ట్ హౌసులు గుర్తు తెచ్చుకోండి. రెండు గదుల అపార్ట్‌మెంటులో ఎనిమిది మంది, నేల మీద పరుపులు, రైస్ కుక్కరు నిండా అన్నం, ఒక పెద్ద గిన్నెలో పప్పు. బెంచి మీద ఉన్నావు కాబట్టి జీతం లేదు, తిండీ పడకా ఇస్తున్నాం కదా అనేవాళ్ళు. బెంచి మీద ఉన్నా హెచ్-1బి వాళ్ళకి జీతం ఇవ్వాల్సిందేనని 1998లోనే చట్టం చేశారు. అది ఉందని తెలిసినవాళ్ళు తక్కువ, తెలిసినా అడిగే ధైర్యం ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ. మనకి కనీసం కాగితం మీద చట్టం ఉండేది. కౌన్సెలర్ విషయంలో చట్టమే పక్కకి తప్పుకుంది. ఆ పప్పన్నం తిన్న తరంవాళ్ళమే ఇవాళ ఈ క్యాంపులకి ఫీజు కడుతున్నాం. మనకైనా ఈ సంగతి తట్టాలి కదా.

లెక్క చూద్దాం. ఆ క్యాంపు ఫీజు వారానికి 1,400 డాలర్లు. ఆ అమ్మాయి కేబిన్లో ఎనిమిది మంది పిల్లలు. అంటే ఆ ఒక్క కేబిన్ మీద వారానికి 11,200 వసూలు. ఆ అమ్మాయికి ఇచ్చింది 300. వందకి మూడు డాలర్లు కూడా కాదు. మిగతా ఖర్చులు ఎన్నో ఉంటాయి, ఒప్పుకుంటాను. ఇప్పుడు కౌన్సెలర్‌కి వారానికి ఇంకో వంద డాలర్లు పెంచారనుకోండి. దాని మీద యజమాని కట్టాల్సిన సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ 7.65 శాతం కలిపితే 107 డాలర్ల 65 సెంట్లు. ఎనిమిది మంది పిల్లలకి పంచితే తలకి 13 డాలర్ల 46 సెంట్లు. 1,400 ఫీజు మీద ఒక శాతం కూడా లేదు! డే క్యాంపులో పది మందికి పంచితే వారానికి తలకి పదకొండు డాలర్ల లోపే. స్టార్‌బక్స్‌లో రెండు కాఫీలు. క్యాంపు లోగో వేసిన టీషర్టుకి ఇంతకన్నా ఎక్కువ పెట్టి కొంటున్నాం, అది రెండు ఉతుకులకి వెలిసిపోతుంది కూడా.

బీద పిల్లల కోసం విరాళాల మీద నడిచే క్యాంపుల సంగతి వేరు. అక్కడ తలకి పదమూడు డాలర్లు కూడా బరువే. వాళ్ళని ఈ వాదనలోకి లాగను. నేను మాట్లాడేది వారానికి నాలుగంకెల ఫీజు తీసుకునే క్యాంపుల గురించి.

కొరత పడితే క్యాంపులు చూసే ఇంకో దారి విదేశాలు. జె-1 వీసాలో క్యాంపు కౌన్సెలర్ అని ఒక ప్రత్యేక రకం ఉంది. పద్ధెనిమిదేళ్ళు నిండాలి, ఇంగ్లీషు రావాలి, నాలుగు నెలలకి మించి ఉండకూడదు. అదే పని చేసే అమెరికన్లకి ఇచ్చినంత వీళ్ళకీ ఇవ్వాలని నియమం. అమెరికన్లకే 300 ఇచ్చేచోట ఆ సమానత్వం వల్ల ఒరిగేదేముంది? మధ్యలో ఏజెన్సీలుంటాయి. వచ్చేవాళ్ళ దగ్గర ఫీజు తీసుకుంటాయి, క్యాంపు దగ్గరా తీసుకుంటాయి. చివరికి కౌన్సెలర్ చేతికి వచ్చేదాన్ని కొన్ని ఏజెన్సీలు 'పాకెట్ మనీ' అనే రాస్తాయి. కనీసం ఆ మాటలో నిజాయితీ ఉంది! ఇంకో విషయం, మనం ఓపిటీ మీద ఉన్నప్పుడు సోషల్ సెక్యూరిటీ కోత లేదని సంబరపడ్డాం కదా, జె-1 మీద కొత్తగా వచ్చినవాళ్ళకి కూడా ఆ కోత ఉండదు. దాంతో క్యాంపు తన వాటా కూడా కట్టక్కర్లేదు. పైన చెప్పిన ఆ 7.65 శాతం మిగులే.

వీళ్ళకీ మనకీ చుట్టరికం కూడా ఉందండోయ్. 2020 జూన్ 22న ట్రంప్ సంతకం పెట్టిన ప్రకటన గుర్తుందా? హెచ్-1బి, ఎల్-1 వీసాల మీద రావడాన్ని ఆపేసిన ఆ కాగితంలోనే జె-1 క్యాంపు కౌన్సెలర్లు కూడా ఉన్నారు. అమెరికన్ల ఉద్యోగాలు లాక్కుంటున్నారన్న ఒకే నేరం కింద డేటాబేస్ అడ్మినిస్ట్రేటరునీ, కేబిన్లో పిల్లలకి కథలు చెప్పే స్కాట్లాండు కుర్రాణ్ణీ ఒకే బోనులో నిలబెట్టారు. ఆ నిషేధం 2021 మార్చి 31 దాకా సాగింది. మళ్ళీ 2025 మే చివర్లో, సోషల్ మీడియా తనిఖీల పేరుతో, విద్యార్థి వీసాలతో పాటు జె-1 వీసాలకి కూడా కొత్త ఇంటర్వ్యూ అపాయింట్‌మెంట్లు సుమారు మూడు వారాలు ఆపేశారు. క్యాంపులు తెరవబోయే ముందు! వీసా స్లాటు కోసం అర్ధరాత్రి బ్రౌజరు రిఫ్రెష్ కొట్టినవాళ్ళకి ఆ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంతవరకు ఇక్కడివాళ్ళ క్యాంపుల సంగతి. నాకు అసలు ఒళ్ళు మండేది మనవాళ్ళ దగ్గర.

మన జనం ఎక్కువగా ఉండే ఊళ్ళలో స్ట్రిప్ మాల్‌కి ఒకటి చొప్పున కోడింగు, రోబోటిక్సు, లెక్కల సెంటర్లు వెలిశాయి. ఏడాది పొడుగునా సాయంత్రాలు ట్యూషన్లు, వేసవి రాగానే బోర్డు మార్చి 'సమ్మర్ క్యాంపు'. నడిపేవాళ్ళలో చాలామంది మనవాళ్ళే, పగలు మనలాగే స్టాండప్ మీటింగుల్లో కూర్చునేవాళ్ళే. అందులో తప్పేం లేదు. ఏడేళ్ళ పిల్లలకి స్క్రాచ్ నేర్పించడానికి ఇంజనీర్లు అక్కర్లేదు కాబట్టి హైస్కూలు పిల్లల్ని పెట్టుకుంటారు. అందులోనూ తప్పు లేదు. జీతం ఇవ్వకుండా 'వాలంటీర్ అవర్స్' సర్టిఫికెట్టు చేతిలో పెడతారు, అదీ తప్పు.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. పదహారేళ్ళు. మూడేళ్ళప్పుడు వచ్చింది, ఇంకా హెచ్-4 మీదే ఉంది. నాన్న గ్రీన్‌కార్డు వరసలో ఎక్కడున్నాడో ఆ దేవుడికే తెలియాలి. ఈ అమ్మాయి 2025 వేసవిలో ఒక సెంటర్లో (పేరు అనవసరం) ఎనిమిది వారాలు, రోజుకి ఆరు గంటలు పాఠాలు చెప్పింది. పన్నెండు మంది పిల్లలు, ఒక్కతే. పక్క గదిలో అదే పని చేసిన సిటిజన్ కుర్రాడికి గంటకి పద్నాలుగు డాలర్లు. ఈ అమ్మాయికి ఒక సర్టిఫికెట్టు, చివరిరోజున పిజ్జా. వాళ్ళ నాన్న అడిగితే సెంటరాయన, "మీ అమ్మాయికి వర్క్ పర్మిట్ లేదు కదండీ, నేను డబ్బులిస్తే మీకే ప్రాబ్లెమ్. ఎక్స్‌పీరియన్స్ వస్తుంది, కాలేజీ అప్లికేషన్లో రాసుకోవచ్చు" అన్నాట్ట. మేలు చేస్తున్నట్టే చెప్పాడు మహానుభావుడు.

ఇందులో రెండు విషయాలు ఆయన చెప్పలేదు. ఒకటి, లాభం కోసం నడిచే వ్యాపారంలో 'వాలంటీరు' అనే కేటగిరీయే లేదు. వాలంటీర్లని పెట్టుకోగలిగేది లాభాపేక్ష లేని సంస్థలూ, ప్రభుత్వ సంస్థలూ. ఏడాది పొడుగునా నడిచే సెంటరు కాబట్టి ఇందాక చెప్పిన ఏడు నెలల మినహాయింపు కూడా దానికి దొరకడం కష్టం. రెండోది ఇంకా ముఖ్యం. 2015లో వచ్చిన హెచ్-4 వర్క్ పర్మిట్ నిబంధన భార్యాభర్తలకే, అదీ కొందరికే. పిల్లలకి వర్తించదు. జీతం తీసుకోలేదు కాబట్టి అది పని కిందకి రాదు అనుకోడానికీ లేదు. మామూలుగా డబ్బిచ్చి చేయించుకునే పనిని ఊరికే చేసిపెట్టినా అది పని కిందకే రావచ్చని ఇమిగ్రేషన్ లాయర్లు హెచ్చరిస్తూనే ఉంటారు. పక్క గదిలో అదే పనికి ఒకడు జీతం తీసుకుంటుంటే ఇది ఊరికే చేసే పని అని ఎలా వాదిస్తాం? అంటే ఆయన మిగుల్చుకున్నది గంటకి పద్నాలుగు డాలర్లు, పణంగా పెట్టింది ఆ పిల్ల స్టేటస్. ఇరవై ఒకటో ఏడు దగ్గరపడితే ఎలాగూ వేరే వీసా వెతుక్కోవాల్సిన పిల్ల. అప్పుడు ఆ సర్టిఫికెట్టు మీద తేదీలూ గంటలూ చూసి ఆఫీసరు ప్రశ్న వేస్తే జవాబు చెప్పుకోవాల్సింది ఆ పిల్లే. సెంటరాయన రాడు. ఆయనకి ఎప్పుడో గ్రీన్‌కార్డు వచ్చేసింది.

హెచ్-4 పిల్లలున్న తల్లిదండ్రులకి నా సలహా ఒకటే. పబ్లిక్ లైబ్రరీ, ఫుడ్ బ్యాంకు, గుళ్ళో బాలవిహార్, ఎవరికీ జీతం లేకుండా నిజంగానే వాలంటీర్లతో నడిచే చోట్లకి పంపించండి. అనుమానం ఉంటే మీ లాయర్ని ఒక్క మాట అడగండి. మన వ్యాపారస్తుల మొహమాటానికి మాత్రం పోకండి. 'మనవాడే కదా' అన్న ముక్క దగ్గరే మనం ఎప్పుడూ చిత్తవుతాం.

క్యాంపుల్లో ఇంకో వింత ఉంది. కౌన్సెలర్-ఇన్-ట్రైనింగ్ అని, పధ్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలు తామే ఫీజు కట్టి పని చేస్తారు! ఇది మొదటిసారి విన్నప్పుడు అమీర్‌పేటలో డబ్బు కట్టి 'రియల్ టైమ్ ప్రాజెక్టు' చేసిన రోజులు గుర్తొచ్చాయి. కానీ ఇదంతా మోసం అనను. బాగా నడిపేచోట ఆ పిల్లలకి రోజూ ఒక గంట కూర్చోబెట్టి నేర్పిస్తారు, చిన్నపిల్లల దగ్గర ఎప్పుడూ ఒంటరిగా వదలరు. నేను చూసుకునే గీటురాయి ఒక్కటే. పదిమందికి ఒకరు అన్న లెక్కలో ఆ పిల్లని కూడా కలుపుతున్నారా? కలిపితే ఆ పిల్ల ఉద్యోగి. ఫీజు వాపసు ఇచ్చి జీతం ఇవ్వాలి. కలపకపోతే విద్యార్థి, ఫీజు తీసుకోండి, అభ్యంతరం లేదు.

ఇదంతా కౌన్సెలర్ల మీద జాలి కొద్దీ రాస్తున్నాననుకునేరు. కొంచెం జాలి ఉంది. ఎక్కువ భాగం మాత్రం స్వార్థమే. గంటకి మూడున్నర డాలర్లకి పనిచేసే పంతొమ్మిదేళ్ళ పిల్ల మొదటి ఏడాది సరదాకి వస్తుంది. రెండో ఏడాది రావాలంటే ఆలోచిస్తుంది, ఎందుకంటే టార్గెట్‌లో బిల్లింగు కౌంటరు దగ్గర నిలబడితే రెండు మూడు రెట్లు వస్తుంది. అప్పు చేసి చదువుకునే పిల్లలైతే మొదటి ఏడాదే రాలేరు. ఇక మిగిలేది ఇంట్లో డబ్బుకి ఇబ్బంది లేనివాళ్ళు, ఆఖరి నిమిషంలో ఏదీ దొరకనివాళ్ళు. చెరువులో ఎవరి తల మునిగిందో లెక్కపెట్టడం, ఆస్తమా పిల్లాడి ఇన్‌హేలరు ఏ సంచిలో ఉందో గుర్తుంచుకోవడం, ఏడుస్తున్నది బెంగతోనా కడుపునొప్పితోనా అని పోల్చుకోవడం.. ఇవి వారం రోజుల శిక్షణలో వచ్చేవి కావు, రెండో మూడో ఏడాది వచ్చే పనితనం. ప్రొడక్షన్ సపోర్టులో పాత మనిషి వెళ్ళిపోతే ఏమవుతుందో రాత్రి మూడింటికి పేజర్ మోగినవాణ్ణి అడగండి. అక్కడ పోయేది సర్వరు మాత్రమే.

కిందటేడు మావాడి కోసం నాలుగు డే క్యాంపులకి ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడిగాను. కిందటేడు కౌన్సెలర్లలో ఎంతమంది తిరిగొస్తున్నారు? జీతం గంటలకి ఇస్తారా, సీజన్ మొత్తానికి ఒక ముద్దగా ఇస్తారా? మే నెల దాటాక ఎంతమందిని తీసుకున్నారు? ఒకావిడ "ఇంతవరకు ఎవరూ అడగలేదే" అని నవ్వి, విసుక్కోకుండా అరగంట మాట్లాడింది. గంటల లెక్కన ఇస్తామనీ, సగానికి పైగా పాతవాళ్ళేననీ చెప్పింది. ఒకాయన అది కాన్ఫిడెన్షియల్ అన్నాడు. ఇంకొకాయన జవాబు చెప్పకుండా వాళ్ళ కొత్త క్లైంబింగ్ వాల్ గురించి పది నిమిషాలు చెప్పాడు. నాలుగోవాళ్ళు మెయిల్ పెట్టమన్నారు. పెట్టాను, ఏమీ రాలేదు, ఎర్లీబర్డ్ డిస్కౌంటు మెయిళ్ళు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి. మావాణ్ణి ఆ నవ్వినావిడ క్యాంపులోనే వేశాం. అక్కడ ఈత కొలను చిన్నది, పైథాను అసలు లేదు. మా ఆవిడ ఆ విషయం ఇంకా ఎత్తిపొడుస్తూనే ఉంది.

చివరిగా టిప్పుల సంగతి. సెషన్ అయిపోయాక కౌన్సెలర్లకి టిప్పు ఇవ్వడం ఇక్కడ చాలా క్యాంపుల్లో ఆనవాయితీ, మనవాళ్ళలో చాలామందికి తెలియదు. హోటల్లో ఇరవై శాతం ఇస్తాం, ఎనిమిది వారాలు పిల్లాణ్ణి మోసినవాళ్ళకి ఒక థాంక్యూ కార్డు ఇచ్చి వచ్చేస్తాం. కొన్ని క్యాంపులు టిప్పులు తీసుకోకూడదని నియమం పెట్టుకుంటాయి, కాబట్టి ముందు హ్యాండ్‌బుక్ చూడండి. వద్దని లేకపోతే ఒక కవరులో నోటు పెట్టి, పిల్లల చేత వాళ్ళ పేరు రాయించి, ఆఫీసులో కాకుండా వాళ్ళ చేతికే ఇవ్వండి. మావాడి కౌన్సెలర్ పేరులో అక్షరాలు ఏ వరసలో వస్తాయో మాకు తెలియక, వాడే స్పెల్లింగు చెప్పి రాయించాడు.